జనవరిలో కొలిచిన లింకు

మా ఫోన్ కంపెనీ ట్రాన్స్‌మిషన్ విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పెదకాకానిలో మా ఇంటికి వస్తుంటారు. టీ చేతికివ్వగానే అందరూ ఒకటే అడుగుతారు. "మేడం, ఇన్నేళ్ల సర్వీసులో మీరు నేర్చుకున్నదేంటి?" ప్రమోషన్ ఎలా తెచ్చుకోవాలో, ట్రాన్స్‌ఫర్ ఎలా తప్పించుకోవాలో చెప్తానని వాళ్ల ఆశ. అవి నాకు సరిగ్గా తెలియవు, తెలిసినా చెప్పను.

నేను చెప్పేది ఒక్క అంకె గురించి. నాలుగు వందలు. రిజిస్టర్లో ఆ అంకె కింద నా సంతకం ఉంది. దాన్ని నమ్ముకుని మేం వేసిన ప్లాను వల్ల, నా పిరికితనం వల్ల, కోటయ్య అనే మిరప రైతు గుండెనొప్పితో ఆసుపత్రి బల్ల మీద నలభై నిమిషాలు ఇంజెక్షన్ కోసం ఎదురుచూశాడు. ఈ సంగతి మా ఆఫీసు కాగితాల్లో ఎక్కడా లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తెగేది, తగ్గేది

ముందు మా పని ఏమిటో చెప్పాలి. మీరు ఫోన్లో మాట్లాడేది, చూసేది, పంపేది అంతా ఊరి నుంచి ఊరికి భూమిలో పాతిన కేబుల్ మీద వెళ్తుంది. ఆ కేబుల్‌ని రోడ్డు వెడల్పు చేసేవాళ్లు తవ్వేస్తారు, నీళ్ల పైపులవాళ్లు తవ్వేస్తారు, ఏమీ పనిలేకపోయినా ఎవడో ఒకడు జేసీబీ తెచ్చి తవ్వేస్తాడు. అప్పుడు ఆ రద్దీనంతా మోయడానికి ఇంకో దారి సిద్ధంగా ఉంచుతాం. దాన్నే మేం ప్రొటెక్షన్ అంటాం. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి దాకా మా రెండో దారి గాలిలో ఉండేది, టవర్ నుంచి టవర్‌కి రేడియో లింకు.

కేబుల్‌తో ఒక సుఖం ఉంది. ఉంటే పూర్తిగా ఉంటుంది, తెగితే పూర్తిగా తెగుతుంది. రేడియో లింకు అలా కాదు. వానొచ్చినా, ఎండాకాలం గాలి వేడెక్కినా, డిష్షు చూపు కాస్త పక్కకి తిరిగినా అది చావదు, తగ్గుతుంది. పొద్దున నాలుగు వందల మెగాబిట్లు మోసిన లింకు మధ్యాహ్నానికి రెండు వందలు, సాయంత్రానికి డెబ్భై మోస్తుంది. పూర్తిగా ఆగిపోయే బదులు తగ్గి బతకడం ఆ యంత్రానికి తెలుసు. ఆ తెలివి దాన్ని నమ్ముకుని ప్లాన్లు వేసే మాకు లేకపోయింది.

గుంటూరులో మా కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ప్రతి లింకుకీ ఒక గీత. లింకు బతికుంటే పచ్చ, చస్తే ఎరుపు. నాలుగు వందలు మోసినా పచ్చే, నలభై మోసినా పచ్చే. ఇలాంటి స్క్రీన్ ఎవరు తయారుచేశారో గానీ, వాళ్లని పట్టుకుని ఒకసారి అడగాలని నాకు చాలాకాలంగా ఉంది.

కోటయ్య పొలం

చీమకుర్తికీ పొదిలికీ మధ్య, గ్రానైట్ లారీల రోడ్డుకి కొంచెం లోపలగా, కోటయ్య పొలం. నల్లరేగడి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. ఆ పొలం మూలన ఇనపతాళ్లు నాలుగు వైపులా లాగి కట్టిన స్తంభం నిలబెట్టి, దానిమీద మా డిష్షులు పెట్టాం. ఆ పని చూడ్డానికి మొదటిసారి నేను వెళ్లినప్పుడు కోటయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం రెండు పొలాల అవతలికి వినపడుతుంది.

"ఏందమ్మా, ఈ స్తంభం ఈడ నిలబడుద్దంటారా?"

"పునాది గట్టిగా పోశామండీ," అన్నాను.

"పునాదిదేముంది! ఈ నేల కదుల్తదమ్మా. వానకి పొంగుద్ది, ఎండకి బీటలిస్తది. మా ఇంటి గోడలే ఏడాదికోసారి పగుల్తాయి. ఎండాకాలం వచ్చి చూడండి, బీటలో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దిగుద్ది."

నేను నవ్వాను. ఇంజనీరింగ్ చదివినదాన్ని కదా! నా పక్కన మా రిగ్గర్ మస్తాన్‌వలి ఉన్నాడు. స్తంభాలెక్కి డిష్షులు సరిచేసే పని అతనిది. ఇరవై ఏళ్లుగా ఆ పనే. అతను మాత్రం నవ్వలేదు, వంగి మట్టి కొంచెం చేతిలోకి తీసుకుని చూశాడు.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను. ఈ మైదానంలో పనిచేసిన మేమంతా, మా ముందువాళ్లతో సహా, ఇదే తప్పు చేశాం. లింకు ఎంత మోస్తుందో కొలిచి రిజిస్టర్లో రాసే పరీక్ష ఒకటుంటుంది. ఆ పరీక్షలన్నీ మేం జనవరిలో పెట్టుకునేవాళ్లం. ఎందుకంటే వానాకాలంలో రేగడిలోకి జీపు దిగదు. దిగితే టైరుకి మణుగుల కొద్దీ మట్టి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. మే నెలలో ఆ ఎండకి మీటరు పట్టుకుని పొలంలో నిలబడేవాడు లేడు. జనవరి అయితే నేల గట్టిగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, పొలాల్లో మిరపకాయ కోతలు సాగుతుంటాయి, రైతులు మజ్జిగ ఇస్తారు. మాకు వీలైన నెల అది. లింకుకి కూడా ఏడాది మొత్తంలో అదే అన్నిటికన్నా మంచి నెల. ఈ రెండూ కలిపి ఆలోచించాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ జనవరిలో లింకు శుభ్రంగా నాలుగు వందలు చూపించింది. రమణమ్మగారు, అంటే కోటయ్య భార్య, ఇచ్చిన మజ్జిగ తాగి, జీపు బానెట్ మీద రిజిస్టర్ పెట్టి సంతకం చేశాను.

పెద్దసారు

మస్తాన్‌వలికి ఒక అలవాటు. ఏ స్తంభం దగ్గరికి వెళ్లినా ఆ పూట లింకు ఎంత మోస్తోందో చూసి జేబులో చిన్న నోటుబుక్కులో రాసుకుంటాడు. ఆ పని చెయ్యమని అతనికెవరూ చెప్పలేదు. మొదటి మే నెలలోనే ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మేడం, కోటయ్య చెప్పిందే అయింది. నేల బీటలిచ్చి స్తంభం రవ్వంత వంగింది. ఒక పూట నూటయాభై, ఇంకో పూట ఎనభై. నేనెక్కి సరిచేస్తే వారం రోజులు బాగుంటంది, మళ్లీ మామూలే."

నేను ఆ పుస్తకం పట్టుకుని మా పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన పేరు రాయను. చెడ్డమనిషి కాదు, తుపాను రోజుల్లో ఇంటికి వెళ్లకుండా మాతోనే కూర్చుని పులిహోర పొట్లాలు పంచిన మనిషి. కానీ ఆయనకి అంకె అంటే అంకె. పొదిలి వైపు కేబుల్ మీద ఉన్న రద్దీ మూడు వందల ఎనభై. రెండో దారి నాలుగు వందలు. అంటే నూటికి నూరు శాతం రక్షణ. ఆ మాట ఆయన పైవాళ్లకి రాసి పంపేశారు.

"లింకు అప్‌లో ఉందా లేదా?" అన్నారు.

"ఉంది సార్, కానీ ఎనభైకి పడిపోతోంది."

"అప్‌లో ఉంటే ఇంక ప్రాబ్లమేంటమ్మా? రిజిస్టర్లో ఎంతుంది?"

"నాలుగు వందలు సార్."

"సంతకం ఎవరిది?"

నాదే. పుస్తకం తీసుకుని బయటికి వచ్చాను. తర్వాత ఆయనకే మూడుసార్లు ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోది రాయలేదు. ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియక ఊరుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, విసుగొచ్చి వదిలేశాను.

వదిలేసే ముందు ఒక మంచి పని మాత్రం చేశాను. అది కూడా మస్తాన్‌వలి వల్లే. అతని ఊరు సాగర్ కాలువ చివర. కాలువలో నీళ్లు ఎప్పుడెంత వస్తాయో తెలియని భూములు. ఒకరోజు టీ దగ్గర నేను తల పట్టుకుని, "మూడొందల ఎనభైని ఎనభైలో ఎలా కుక్కుతాం వలీ!" అన్నాను.

"కుక్కడమేంది మేడం? వంతులెయ్యాల," అన్నాడు. "మా ఊళ్లో కాలవ నిండా వస్తే అందరికీ. సగం వస్తే మిరపకీ పత్తికీ ఒక పూట చొప్పున. అంతకీ తగ్గిందనుకోండి, నారుమళ్లకి తప్ప చుక్క వదలరు. నారు పోతే ఏడాది పోయినట్టే గదా. అందరికీ తలా కాస్త అని వదిలితే నీళ్లు దారిలోనే ఇంకిపోతాయి, ఎవడి చేనూ తడవదు."

"మరి ఎవరూ గొడవపడరా?"

"నీళ్లు తగ్గినరోజు కూర్చుంటే తలకాయలు పగుల్తాయి. అందుకే నీళ్లున్నప్పుడే అందరూ కూర్చుని రాసుకుంటారు."

ఆ వారమంతా కూర్చుని నేను కూడా అలా రాశాను. లింకు నాలుగు వందలు మోస్తే అందరూ. రెండు వందలకి పడితే సినిమాలూ వీడియోలూ సన్నబడాలి. నూటికి పడితే అవి పూర్తిగా ఆగాలి, ఫోన్ మాటలు, బ్యాంకులు ఉండాలి. యాభైకి పడితే అంబులెన్సు పిలుపులు, ఆసుపత్రి లైను. ఆ యాభై మాత్రం ఏ నెలలోనైనా ఉంటుందని మస్తాన్‌వలి పుస్తకం చూసి తేల్చుకున్నాను. ఏ మెట్టు దగ్గర ఏ కమాండ్ ఇవ్వాలో కూడా వరుసగా రాశాను. దాన్ని పెద్దసారు ఆమోదానికి పంపాను. రాలేదు. నకలు నా సొరుగులో పెట్టుకున్నాను.

ఆ పొద్దు

మరుసటి మే నెల. పొద్దున పది గంటలప్పుడు చీమకుర్తి దగ్గర రోడ్డుపని జేసీబీ కేబుల్‌ని తెంపేసింది. మా ఒక్కరిదే కాదు, ఆ వైపు కంపెనీలన్నిటి కేబుళ్లూ ఒకే గోతిలో ఉన్నాయి. అందరివీ పోయాయి. మా రద్దీ మొత్తం దానంతటదే రేడియో లింకు మీదికి ఎక్కింది. స్క్రీన్ మీద గీత పచ్చగానే ఉంది. పక్క సీటు ఆయన, "చూశారా మేడం, ప్రొటెక్షన్ పనిచేసింది," అని చేతులు దులుపుకుని కాఫీకి వెళ్లాడు.

నేను మస్తాన్‌వలికి ఫోన్ చేసి కోటయ్య పొలానికి వెళ్లమన్నాను. గంటన్నర తర్వాత అతనే ఫోన్ చేశాడు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"మేడం... నేను స్తంభం దగ్గర లేను. పొదిలి ఆసుపత్రిలో... కోటయ్య నాతో మాట్లాడతా మాట్లాడతా చెమటలు పట్టి కూలబడ్డాడు. ఆటోలో తెచ్చాం..."

అది చిన్న ఆసుపత్రి. అక్కడి డాక్టరు ఈసీజీ తీసి గుంటూరులో గుండె డాక్టరుకి పంపుతాడు. ఆయన గీతలు చూసి చెప్తే, రక్తనాళంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎంత ముందు పడితే గుండె అంత మిగులుతుంది. గుండెపోటు కాకుండా పొరపాటున ఇస్తే మాత్రం లోపల రక్తస్రావమై మనిషే పోవచ్చు. కోటయ్య ఈసీజీలో గీతలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయట. గుండె డాక్టరు చూడకుండా ఇవ్వడానికి అక్కడి డాక్టరుకి ధైర్యం చాల్లేదు. ఆయన్ని తప్పుపట్టలేం.

ఆ ఒక్క కాగితం ఫొటో వెళ్లడం లేదు. లింకు తొంభై మోస్తోంది. దాని మీద మూడు వందల ఎనభై పడి తోసుకుంటోంది. ఎండకి ఇంట్లో కూర్చున్నవాళ్లు చూసే సినిమాలూ, కోటయ్య ఈసీజీ, అన్నీ ఒకే వరుసలో. ఎవరికీ ఏదీ పూర్తిగా చేరడం లేదు.

నా సొరుగులో కాగితం ఉంది. నా ముందు కీబోర్డు ఉంది. రెండు నిమిషాల పని. కానీ రద్దీని ఆపాలంటే పెద్దసారు అనుమతి కావాలి. ఫోన్ చేశాను. "మీటింగ్‌లో ఉన్నారండీ," అన్నాడు ఆయన సహాయకుడు. అర్జెంటని చెప్పాను. "చీటీ లోపలికి పంపానండీ." పది నిమిషాలాగి మళ్లీ చేశాను. "చూశారండీ, తర్వాత మాట్లాడతానన్నారు." మధ్యలో మస్తాన్‌వలి రెండుసార్లు చేశాడు. "అడుగుతున్నాను వలీ, అడుగుతున్నాను," అన్నాను. మళ్లీ సారుకి చేశాను. సంతకం ఎవరిది అని ఆయన అడిగిన మాటే నా చెవుల్లో ఉంది. ఈసారీ అదే అడుగుతారని భయం. నాకు, ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషికి!

నాలుగోసారి మస్తాన్‌వలి గొంతులో మర్యాద పోయింది.

"ఎవరమ్మా మీకు పర్మిషనిచ్చేది? ఆ స్తంభం ఎవరి పొలంలో ఉంది? కోటయ్య పొలంలోనే గదా? ఆయనే ఇస్తన్నాడనుకోండి!"

అప్పుడు సొరుగు లాగాను. నూటికి రాసుకున్న మెట్టు తీసి కమాండ్లు ఒక్కొక్కటే కొట్టాను. వీడియోల రద్దీ మొత్తం ఆగిపోయింది. స్క్రీన్ మీద ముప్పై టవర్ల వీడియో గీతలు ఎర్రబడ్డాయి, రూమంతా లేచి నా వైపు చూసింది. మస్తాన్‌వలి ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "వెళ్లింది మేడం! ఈసీజీ వెళ్లింది!" అన్న కేక ఈసారి ఒక్క ముక్క కూడా విరగకుండా వినపడింది. గుండె డాక్టరు వెంటనే ఇవ్వమన్నాడు. ఇచ్చారు.

గోడ గడియారం చూశాను. అతను మొదటిసారి ఫోన్ చేసినప్పటి నుంచి నలభై నిమిషాలు.

మెమో

కోటయ్య బతికాడు. వారం తర్వాత నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ముప్పై టవర్ల వీడియో సేవలు నిలిపివేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. నూటికి నూరు శాతం అన్న మాట చెడిందని పెద్దసారికి కోపం. రెండు పేజీల జవాబు రాశాను, మస్తాన్‌వలి నోటుబుక్కు నకళ్లు జతచేశాను. పైనుంచి ఒక తెలివైన అధికారి అది చదివి, నా వంతుల కాగితానికి ఆమోదం ఇచ్చాడు. లింకుల్ని మే నెలలో కూడా కొలవాలని, రెండిట్లో చిన్న అంకెనే ప్లానుకి తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

వీడియోలు ఎందుకు ఆపావని అందరూ అడిగారు. నలభై నిమిషాలు ఎందుకు ఆపలేదని ఒక్కరూ అడగలేదు.

అందుకని నేనే పొదిలి దారి పట్టాను. కోటయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. గుండెలో కొంత భాగం పోయిందని, బరువులెత్తొద్దని, పొలం పని మానెయ్యమని డాక్టర్లు చెప్పారు. ఆ పెద్ద గొంతు సగానికి పడిపోయింది. కూర్చుని ఉన్నదంతా చెప్పాను. జనవరి పరీక్ష, నాలుగు వందలు, సొరుగులో కాగితం, మీటింగు.

ఆయన మంచం మీద మెల్లగా లేచి కూర్చున్నాడు. తర్వాత, "నేల కదుల్తదని నేను మొదటిరోజే చెప్పా గదమ్మా," అన్నాడు. "మీరు నవ్వారు."

"నవ్వానండీ."

"సర్లే, మస్తాను చెప్పాడు, ఇప్పుడేదో రాశారంట గదా. ఆసుపత్రిది ముందు పెట్టారా?"

"పెట్టామండీ."

"అయితే చాల్లే. మిరప కోతకి కూలోళ్లొస్తారు, పాములుంటాయి, పురుగుమందు కొడతా పడిపోతారు. నా ఒక్కడి సంగతి కాదది."

రమణమ్మగారు మాత్రం ఆ రోజు మజ్జిగ తేలేదు. గుమ్మంలో నిలబడి నన్నే చూస్తూ ఉన్నారు.

ఇప్పుడు

రిటైరై మూడేళ్లయింది. పొలం పని చెయ్యలేకపోయినా కోటయ్య ప్రతి ఎండాకాలం మెల్లగా, రెండుచోట్ల ఆగి ఆగి, స్తంభం దాకా నడుస్తాడు. బీటలో కర్ర దించి చూస్తాడు. చూసి నాకు ఫోన్ చేస్తాడు. నేను ఆఫీసుకి చేస్తాను. ఎవరో ఒకరిని పంపి డిష్షు సరిచేయిస్తారు.

ఈ ఏడాది కూడా చేశాడు. "అమ్మా, కర్ర మూరెడు దిగింది. మీవాళ్లని రమ్మను."

మస్తాన్‌వలి కూడా రిటైరయ్యాడు. కంట్రోల్ రూమ్‌లో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఫోనెత్తింది. సంగతి చెప్పాను. టకటకా కీబోర్డు చప్పుడు వినపడింది.

"చూశాను మేడం. ఆ లింకు గ్రీన్‌లోనే ఉంది."

నా కోపం నషాళానికి అంటింది. ఇన్నేళ్లయినా ఆ దిక్కుమాలిన స్క్రీన్ మారలేదు! ఏదో అనబోయి, ఆ పిల్ల తప్పేముందని తమాయించుకున్నాను. "పచ్చ సంగతి అవతల పెట్టమ్మా. ఇప్పుడెంత మోస్తోందో చూడు. తర్వాత కోటయ్యగారని ఒకాయన నంబరు చెప్తాను, రాసుకో. ఇకమీదట ఆయన నీకే చేస్తాడు."

"ఆయన మన స్టాఫా మేడం?"

"కాదు. ఆయన ఆసుపత్రి బల్ల మీద ఉంటే, నేను నలభై నిమిషాలు పర్మిషన్ కోసం కూర్చున్నాను."

మళ్లీ కీబోర్డు చప్పుడు.

"నూట పది మోస్తోంది మేడం," అంది. "నంబరు చెప్పండి."